మునసబు అరుగు ముందు టాపు

మా తమ్ముడి మనవడు కొత్త కారు కొన్నాడు. నెత్తిన కప్పు ఉండీ లేనట్టుండే కారు. మీట నొక్కితే కప్పు దానంతటది లేచి, మడతలు పడి, వెనక పెట్టెలోకి దూరిపోతుంది. మళ్ళీ నొక్కితే బయటికొచ్చి మూసుకుంటుంది. నరసరావుపేటలో వాళ్ళ వీధి పిల్లలంతా చుట్టూ మూగి అదేపనిగా ఆ మీట నొక్కించారు. వాడు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, "అమ్మమ్మా, ఎండ చానా ఉంది, టాపు వెయ్యనా?" అన్నాడు.

"వేశావంటే దిగిపోతా" అన్నాను.

వాడు నవ్వాడు. ముసలిదానికి షోకు పుట్టిందనుకున్నాడు. షోకు కాదు నాయనా, పగ. మా ఇంట్లోనూ ఒకప్పుడు టాపు కారుండేదని, ఆ టాపు కోసం మా ఇంటికీ ఒక పెద్దమనిషికీ యుద్ధం జరిగిందని వాడికి తెలియదు. తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. నేను కూడా పోతే ఆ మనిషి చేసిన పని ఎవరికీ గుర్తుండదు. అతన్ని అంత తేలిగ్గా వదిలిపెట్టడం నాకిష్టం లేదు. అందుకే చెబుతున్నాను.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. మా ఊరు గురజాలకూ మాచర్లకూ మధ్య, రైలు కట్ట పక్కన ఉండేది. ఊరికి తూర్పున మా పేట. ఏసు మతం పుచ్చుకున్నవాళ్ళం. దేవుడి దగ్గర మేం మారాం గాని ఊరి దగ్గర మారలేదు. ఊరి బావిలో చేద వెయ్యనిచ్చేవాళ్ళు కాదు. దాహమని వెళితే చెంబు ఎత్తి పట్టుకుని దోసిట్లో పోసేవాళ్ళు. ఊరికి పడమర, కొంచెం దూరంలో మిషనాసుపత్రి. మా నాయన అందులో కాంపౌండరు. అక్కడి తెల్ల డాక్టరమ్మకు కారు తోలేది కూడా ఆయనే. ఆమెకు ఒంట్లో బాగోలేక తన దేశానికి ఓడెక్కి వెళ్ళిపోతూ, ఆ కారు నాయన చేతుల్లో పెట్టి, నొప్పులు పడే ఆడవాళ్ళు దారిలో చచ్చిపోకుండా చూడమని చెప్పిందట. పెట్రోలు కంట్రోలులో ఉన్నా, ఆసుపత్రి పని కాబట్టి నాయనకు కూపన్లు ఇచ్చేవాళ్ళు.

అట్లా మా పేటకు కారొచ్చింది. ఊరి మునసబుకు కూడా లేని కారు.

దానికి ఒకప్పుడు ఆకుపచ్చ రంగుండేదని తలుపు సందుల్లో చూస్తే తెలిసేది. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే దగ్గీ దగ్గీ లేచేది. రబ్బరు బుడ్డి హారన్ పిండటం నా పని. పైన చెక్క కమానుల మీద మైనం పట్టించిన మందపు గుడ్డ, అదే టాపు. దాన్ని దించి వెనక మడిచి తోలు పట్టీలు బిగిస్తే ఇక నెత్తి మీద ఆకాశమే.

టాపు దించిన కారులో పోవడమంత సుఖం నేను మళ్ళీ ఎరగను. జొన్నచేలు పాలు పోసుకునే రోజుల్లో ఆ పచ్చి వాసన మొహానికి తగిలేది. మిరప కల్లాల పక్కగా పోతే నాయనతో సహా అందరం తుమ్మేవాళ్ళం. చేలల్లో వాళ్ళు పిలిస్తే మేం కారులోంచే పలికేవాళ్ళం. చింతచెట్ల కింద నాయన కారు నెమ్మది చేసేవాడు. నేను సీటు మీద నిలబడి కాయలు తెంపేదాన్ని.

"కూకోవే, పడి చస్తావు" అని నాయన అరిచేవాడు.

"నాకూ నాలుగు తెంపవే" అనేది మా నాయనమ్మ.

నాయనమ్మ అంటే నాయన తల్లి. ఊరి వాళ్ళ మిరపచేలల్లో కాయలు కోసి కోసి వేళ్ళు కొంకర్లు పోయిన మనిషి. మూటలో జొన్నరొట్టెలూ గోంగూర పచ్చడీ ఉల్లిపాయా పెట్టుకుని కారెక్కేది. ఎక్కీ ఎక్కగానే మూట విప్పేది. "ఇంట్లో తింటే అరగటంల్లా, కారులో అయితే అరుగుద్ది" అనేది. గాలికి సగం రొట్టె ముక్కలు వెనక కూర్చున్న అమ్మ మీద పడేవి.

సుఖమెంతో చాకిరీ అంత. ఎండాకాలం తోలు సీట్లు కాలిపోయేవి, తడి గోనెపట్టా పరిచి కూర్చోవాలి. మడిచిన టాపులో కోడి గుడ్లు పెట్టేది. ఎలుకలు మైనం కోసం గుడ్డ కొరికేవి. ఒకసారి మడతలోంచి తేలు దిగి నాయన చొక్కా కాలరు మీద నడిచింది. అప్పటి నుంచి అమ్మ ప్రతి మడతలో వేపాకు దోపేది. వానొస్తే ముగ్గురం కలిస్తే గాని టాపు లేచేది కాదు. నాయన కమానులు లాగి, అమ్మ పట్టీలు బిగించి, నేను పక్క తెరలకు గుండీలు పెట్టేసరికి వాన వెలిసేది. నిలువునా తడిసి, టాపు కింద పొడిగా ఉన్నట్టు కూర్చునేవాళ్ళం. ఆ పక్క తెరలూ గుడ్డవే. చూడటానికి వాటి మధ్యలో అభ్రకం రేకులు కుట్టి ఉండేవి. అవన్నీ బిగిస్తే లోపల ఈగ కూడా ఊపిరాడక చచ్చేది.

ఆసుపత్రికి పోవాలంటే కారుకు ఊరి బజారు తప్ప దారి లేదు. చుట్టూ నల్లరేగడి, నాపరాతి గుంటలు. బజారు నడిమధ్య మునసబు ఇల్లు. ఇంటి ముందు పొడవాటి అరుగు. పొద్దస్తమానం చుట్ట కాల్చుకుంటూ ఆయన ఆ అరుగు మీదే ఉండేవాడు. మా పేట వాళ్ళెవరైనా దాని ముందు నుంచి పోతే చెప్పులు చేత్తో పట్టుకుని పోవాల్సిందే.

కారొచ్చిన కొత్తల్లో ఒక ఆదివారం, నాయన నాయనమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఆసుపత్రి దగ్గరి ఏసు గుడికి బయల్దేరాడు. వెనక అమ్మా నేనూ. టాపు దించి ఉంది. బజార్లోకి వచ్చేసరికి అరుగు మీద కూర్చున్న మునసబు తల కంటే కారులో కూర్చున్న నాయనమ్మ తల పైకుంది.

"ఆపరా" అన్నాడు మునసబు. నాయన ఆపాడు.

"ఒరేయ్ కాంపౌండరూ, ఆ ముందు కూకుంది ఎవుర్రా?"

"మా అమ్మ అయ్యా. గుడికి తీసుకుపోతన్నా."

"నా ఎదర ఇంతెత్తున కూకోబెట్టి ఊరేగిస్తన్నావా?" చుట్ట తీసి పక్కన పెట్టాడు. "కారు తెల్లామె ఇచ్చింది, సరే, దానికి నేనడ్డం రాను. నా బజార్లో మాత్రం టాపెయ్యాల. తెరలన్నీ గుండీలు పెట్టాల. లోపల మీరున్నట్టు నాకు కనపడగూడదు. కుదరదంటావా, అందరూ దిగి కారు తోసుకుంటా పొండి."

నాయన టాపు వెయ్యటానికి దిగాడు. నాయనమ్మ ఆగలేదు. తలుపు తీసుకుని దిగి, చెప్పులు చేత పట్టుకుని, ఆ అరుగు ముందు నుంచి నడిచి వెళ్ళింది. అందరికంటే పెద్ద గొంతుతో పాడే మనిషి ఆ పూట గుళ్ళో పాడలేదు. రొట్టె మూట కూడా విప్పలేదు.

ఇక రోజూ అదే తంతు. బజారు మొదట్లో కారు ఆపటం, టాపెత్తటం, తెరలు బిగించటం, బజారు దాటాక మళ్ళీ దించటం. నేను ఊరుకునేదాన్ని కాదు. అభ్రకం చిరుగులోంచి బొటనవేలు బయటపెట్టి అరుగు వైపు ఆడించేదాన్ని. మునసబు కునుకు తీసే వేళ చూసి, సరిగ్గా అరుగు ముందు హారన్ పిండేదాన్ని. నాయన నా వీపు మీద ఒకటిచ్చేవాడు. అమ్మ మాత్రం నన్ను ఏమీ అనేది కాదు.

మరుసటి ఎండాకాలం అమ్మకు నెలలు నిండాయి. రోహిణీ ఎండల్లో, మిట్టమధ్యాహ్నం నొప్పులొచ్చాయి. నాయన అమ్మను వెనక సీట్లో పడుకోబెట్టాడు. నేను విసనకర్ర పట్టుకుని కింద కూర్చున్నాను. బజారు మొదట్లో టాపెత్తి తెరలు బిగించాం. సగం బజారు పోయేసరికి ముందు మిరపకాయల బండి ఇరుసు విరిగి అడ్డంగా పడిపోయి ఉంది. ముందూ వెనకా బండ్లు. కారు కదలటానికి లేదు. ఆగింది ఎక్కడనుకున్నారు? ఆ అరుగు ముందే.

లోపల ఉడికిపోతున్నాం. సీటు తోలు వాసన, మైనం వాసన, బయటి నుంచి మిరప ఘాటు. నేను విసిరే గాలి కూడా వేడిగానే తగిలేది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఒక్క తెర తియ్యండి. గాలాడటంల్లా" అంది.

నాయన గుండీ మీద చెయ్యి పెట్టాడు. అరుగు మీద మునసబు దగ్గాడు. నోరు తెరిచి ఏమీ అనలేదు, దగ్గాడంతే. నాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బండ్లు తప్పుకునేసరికి అమ్మకు తెలివి లేదు. ఆసుపత్రిలో పుట్టిన మగపిల్లవాడు ఏడవలేదు. బొడ్డుతాడు మెడకు చుట్టుకుందని, అది ఎక్కడున్నా జరిగేదేనని నర్సమ్మ చెప్పింది. నాయన ఆ మాట పట్టుకుని బతికాడు. అమ్మ నమ్మలేదు. నేనూ నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను.

అమ్మ మా ముందు ఏడవలేదు. లేచి తిరగటం మొదలుపెట్టిన రోజున, పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతూ నాయనమ్మతో అంది: "అత్తా, వాడి నోటితో వాడే ఆ టాపు దించమనాల. బజారంతా ఇనాల. అందాక నాకు నిద్ర పట్టదు." ఆ రొట్టెను ఎంత గట్టిగా తట్టిందంటే అది చేతిలోనే చిరిగిపోయింది. నాయనమ్మ ఆ ముక్కలే పెనం మీద వేసింది. అమ్మను ఊరుకోమని మాత్రం అనలేదు.

ఆ అవకాశం మునసబే తెచ్చి ఇచ్చాడు. ఆయన కూతురికి చిలకలూరిపేటలో సంబంధం కుదిరింది. పత్తి మిల్లున్నవాళ్ళు. పెళ్ళికొడుకు రైలు దిగిన దగ్గర్నుంచి టాపు లేని కారులో ఊరేగుతూ రావాలని పెళ్ళికొడుకు తల్లి పట్టు పట్టింది. నరసరావుపేటలో ఒక ప్లీడరుగారికి కారుంది గాని, అది మూతకారు. మూతకారులో ఊరేగితే పెళ్ళికొడుకు ఎవరికి కనిపిస్తాడు? చుట్టుపక్కల టాపు దిగే కారు మాదొక్కటే.

మునసబు తన వెట్టివాడితో కబురు పంపాడు. "కావల్సింది ఆయనకు గదా, ఆయన్నే వచ్చి అడగమను" అని అమ్మ వాణ్ణి తిప్పి పంపింది. నాయన ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు నిజంగానే మునసబు వచ్చాడు. పేటలోకి కాదు, పేట మొదట్లో నాగజెముడు కంచె దాకా వచ్చి, గొడుగు వేసుకుని నిలబడి నాయన్ను పిలిపించాడు.

"ఒరేయ్, పెళ్ళికొడుకును టేషను కాణ్ణుంచి తీసుకురావాల. కారు శుభ్రంగా కడిగి పసుపు రాయి. పూలు మేం పంపుతాం."

"చిత్తమయ్యా" అన్నాడు నాయన.

నాయన వెనకే వచ్చిన అమ్మ కొంగు భుజం మీదకు లాక్కుని రెండడుగులు ముందుకేసింది. "అట్టాగే తెస్తాడు లెండయ్యా. మీరు చెప్పిన పద్ధతి ఇసుమంత తప్పకుండా తెస్తాడు."

ఆయన సంతోషించి వెళ్ళాడు. టాపు గురించి ఒక్క ముక్క అనలేదు. పెళ్ళికొడుకు కారుకు టాపు దించాలని వేరే చెప్పాలా అనుకున్నాడు. తను పెట్టిన కట్టడి తన ఇంటి పెళ్ళికి కూడా తగులుకుంటుందని ఆ మనిషికి తట్టనే లేదు. కట్టడి పెట్టేవాళ్ళందరికీ ఉండే జబ్బే అది.

అమ్మ ఏమనుకుంటున్నదో తెలిశాక నాయన అడ్డం పడ్డాడు. "ఆడపిల్ల పెళ్ళి గదే. ఆ పిల్ల మనకేం చేసింది? పాపం తగులుద్ది."

"తగలనియ్యి. నాకు తగిలినదాని కంటేనా?"

"నేను తోలను."

"అయితే టాపు కింద నువ్వు దాక్కో. నేను తోలతా."

అమ్మకు కారు తోలటం రాదు. అయినా ఆ మాట అన్న తీరు చూసి నాయన తనే తోలతానన్నాడు.

పెళ్ళివారొచ్చే రోజు పొద్దున కారు కడిగాం. పసుపు రాశాం, బంతిపూలు కట్టాం. అమ్మ టాపెత్తించి, తెరల గుండీలు తనే ఒక్కొక్కటీ పెట్టి, లాగి చూసుకుంది. ఇంతలో నాయనమ్మ ఇంట్లోంచి వచ్చింది. గుడికి కట్టే తెల్లచీర, నూనె రాసి దువ్విన తల, కాళ్ళకు చెప్పులు. నేరుగా వచ్చి ముందు సీటెక్కి కూర్చుంది. ఇది అమ్మ పథకంలో లేదు.

"అమ్మా, దిగు. చంపుతారు మనల్ని" అన్నాడు నాయన.

"చంపితే కారులోనే చస్తాలే. పద."

నీళ్ళ ముంత ఇచ్చి నన్ను ఆమె కాళ్ళ దగ్గర కూర్చోబెట్టారు.

రైలు దిగిన పెళ్ళికొడుకు బక్కపలచటి మనిషి. కళ్ళజోడు, కోటు, బుగ్గన చుక్క. "టాపేసుందేంది?" అని అడిగాడు. "దారంతా దుమ్మండీ. బజార్లోకి పోయాక దించుతాం" అన్నాడు నాయన. "ఈ మామ్మగారెవరు?" అంటే, "మా అమ్మండి" అన్నాడు. "కూర్చోనియ్యండి, పెద్దామె" అంటూ పెళ్ళికొడుకు వెనక సీటెక్కాడు. పెద్దవాళ్ళు గూడుబండ్లు ఎక్కి వెనక వచ్చారు. కారు తోలేవాడి కులం అడగాలని పట్నం మనిషికి తట్టలేదో, లేక అవసరం లేదనుకున్నాడో నాకు తెలియదు. మంచివాడు మాత్రం. దారంతా నాయనమ్మతో కబుర్లు చెప్పాడు. ఆమె కూడా ఆయన తల్లిని గురించి, మిల్లును గురించి గుచ్చి గుచ్చి అడిగింది. చివర్లో వెనక్కి తిరిగి, "బాబూ, నీ పెళ్ళాన్ని కాన్పుకు తీసుకుపోవాల్సొస్తే, ఆ పిల్లకు గాలి తగలనియ్యి నాయనా" అంది. పెళ్ళికొడుకు సిగ్గుపడి, "అట్టాగే మామ్మా" అన్నాడు.

అభ్రకం రేకులోంచి చూస్తే బజారంతా జనం. మేళం వాయిస్తున్నారు. అరుగు మీద మునసబు జరీ తలపాగాతో నిలబడి ఉన్నాడు. అరుగు కింద ఆయన భార్యా ముత్తయిదువలూ హారతి పళ్ళెంతో, పానకం బిందెతో, వెండి గ్లాసులతో సిద్ధంగా ఉన్నారు. బజారు చివర మా పేట వాళ్ళు. వాళ్ళ ముందు అమ్మ.

కారు వెళ్ళి అరుగు ముందు ఆగింది. టాపు అట్లాగే ఉంది. తెరలు అట్లాగే ఉన్నాయి. లోపల పెళ్ళికొడుకున్నాడో లేడో ఎవరికీ తెలియటం లేదు. జనం గుసగుసలు మొదలుపెట్టారు. వెనక బండిలోంచి పెళ్ళికొడుకు మేనమామ దూకాడు, పెద్ద మీసాలాయన.

"ఏందయ్యా ఇది? మా పిల్లాణ్ణి మూటగట్టి తెచ్చారేంది? తియ్యి టాపు!"

నాయన దిగి చేతులు కట్టుకున్నాడు.  "తియ్యగూడదండయ్యా. ఈ బజార్లో ఈ కారు టాపు దించగూడదని మునసబుగారి ఆర్డరు. ఆయన సెలవిస్తే దించుతా."

మేనమామ అరుగు వైపు తిరిగాడు. "ఏంది బావగారూ, మీ ఆర్డరా? దేనికి?"

దేనికో చెప్పాలంటే, ఆ కారు ఎవరిదో చెప్పాలి. వియ్యాలవారి పిల్లవాణ్ణి ఎవరి సీట్లో కూర్చోబెట్టి తెప్పించాడో చెప్పాలి. మునసబు కారు వైపు వంగాడు. "దించరా" అన్నాడు, ఎవరికీ వినపడకుండా.

"మేళంలో ఇనపళ్ళేదయ్యా" అన్నాడు నాయన. నిజంగానే వినపడలేదో, అమ్మ నేర్పి పంపిందో నాయన చచ్చేదాకా చెప్పలేదు.

మేనమామ చెయ్యి ఎత్తాడు. మేళం ఆగింది.

"టాపు దించరా! దించు!" అని మునసబు అరిచాడు. బజారు ఆ చివర నుంచి ఈ చివర దాకా విన్నారు. అమ్మ విన్నది.

నాయన పట్టీలు ఊడదీశాడు. టాపు వెనక్కి పోయింది. వెనక సీట్లో కోటు వేసుకున్న పెళ్ళికొడుకు. ముందు సీట్లో, మునసబు మొహానికి ఎదురుగా, తెల్లచీరలో మా నాయనమ్మ. ఊరివాళ్ళందరికీ ఆమె ఎవరో తెలుసు. పెళ్ళివాళ్ళలో ఒక్కరికీ తెలియదు. దిగమని అంటే ఎందుకో చెప్పాలి కాబట్టి మునసబు ఆ మాట కూడా అనలేకపోయాడు.

ఆయన భార్య వెండి గ్లాసులో పానకంతో కారు దగ్గరికొచ్చింది. నాయనమ్మను చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది. పెళ్ళికొడుకు ముందుకు వంగి, "ముందు మామ్మగారికియ్యండత్తయ్యా. ఎండలో వచ్చింది, పెద్దామె" అన్నాడు. ఆమె మొగుడి వైపు చూసింది. మొగుడు తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

నాయనమ్మ దోసిలి పట్టలేదు. చెయ్యి చాచి గ్లాసు అందుకుంది. అంచుకు పెదవులు ఆనించి, తొందర లేకుండా, అడుగుదాకా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని గ్లాసు తిరిగి ఆమె చేతిలో పెట్టింది.

"మిరియాలు తగ్గినయ్యమ్మా" అంది.

అబ్బ, ఆ మాట తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. పెళ్ళయ్యాక ఆ గ్లాసును నిప్పుల్లో కాల్చారని, ఆపైన అమ్మించారని వాళ్ళ చాకలామె వచ్చి చెబితే మా పేటంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

మునసబు ఊరుకుంటాడని మేమూ అనుకోలేదు. పెళ్ళివారు వెళ్ళిపోయిన తర్వాత ఒకరోజు తెల్లవారుజామున మైనం కాలిన కంపుకు నిద్ర లేచాం. పాకలో కారు టాపు తగలబడుతోంది. పేట వాళ్ళంతా కుండలతో నీళ్ళు పోశారు. ఇంజనూ సీట్లూ దక్కాయి. టాపు బూడిదయింది, కమానులు బొగ్గులయ్యాయి. ఎవరు చేయించారో ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. నాయన తల పట్టుకుని కూలబడ్డాడు.

అమ్మ ఆ బూడిదను చూసి నవ్వింది. కాన్పు తర్వాత అమ్మ నవ్వటం నేను చూడటం అదే మొదలు. "ఎంత తెలివిగలోడయ్యా! ఇక మూసుకుందామన్నా మనకు టాపేదీ?"

ఆ మాట నాయనకు అర్థం కావటానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన కూడా లేచి మొహం కడుక్కున్నాడు.

అదే రోజు నాయనమ్మను ముందు కూర్చోబెట్టుకుని బజారు మీదుగా ఆసుపత్రికి వెళ్ళాడు. నేనూ ఉన్నాను. అరుగు మీద నుంచి మునసబు, "టాపేదిరా?" అన్నాడు. నాయనమ్మే జవాబిచ్చింది. "కాలిపోయిందయ్యా. అయినా దించమని తమరే గదా అన్నది, బజారంతా ఇన్నారు." తోసుకుంటూ పొమ్మనటానికి ఆయనకు ఈసారి నోరు రాలేదు. గొడవ చేస్తే చిలకలూరిపేట దాకా పాకుతుందని భయం. అప్పటి నుంచి మా హారన్ వినపడితే చాలు, చుట్ట పట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు. నేను రోజూ కసితీరా పిండేదాన్ని. నాయన ఇప్పుడు కొట్టేవాడు కాదు.

టాపు లేక పడ్డ బాధ తక్కువేం కాదు. ఎండకు మొహాలు మాడిపోయాయి, వానకు సీట్లలో నీళ్ళు నిలిచాయి. బట్ట కంట్రోలులో ఉన్న రోజుల్లో నాయన గుంటూరు దాకా వెళ్ళి, ఎవరెవరినో బతిమాలి ఖాకీ గుడ్డ తెచ్చాడు, టాపు కుట్టిద్దామని. అమ్మ ఆ గుడ్డను కత్తిరించి పేట పిల్లలందరికీ బడి సంచులు కుట్టి పంచిపెట్టింది.

ఆ తర్వాత అమ్మకు మళ్ళీ నెలలు నిండాయి. నొప్పులొచ్చి కారెక్కించేటప్పుడు, "హారన్ కొట్టమాక" అని నాతో అంది. ఎందుకో నాకు తెలియలేదు. బజార్లో అరుగు ఎదుటికి రాగానే, "ఆపు" అంది నాయనతో. హారన్ వినపడలేదు కాబట్టి మునసబు అరుగు మీదే ఉన్నాడు. అమ్మ ముందు సీటు వెన్ను పట్టుకుని లేచి నిలబడింది. కొప్పు ఊడిపోయి ఉంది, రవికె చెమటకు తడిసిపోయింది.

"ఒరే మునసబూ! ఇటు చూడరా. ఇదీ నా మొకం. మూటగట్టి నా బిడ్డను పొట్టన పెట్టుకున్నావు గదరా. ఇదుగో ఇంకోణ్ణి కనబోతన్నా. గాల్లో కంటా. నీ కళ్ళెదర కంటా. దగ్గవేంరా! ఇప్పుడు దగ్గు!"

మా పేట మనిషి మునసబును ఒరే అనటం ఆ బజారు ఎన్నడూ వినలేదు. కొట్లముందు జనం నిలబడిపోయారు. మునసబు లేవబోయి, లేవలేక, మళ్ళీ కూర్చున్నాడు. ఆయన దగ్గలేదు. అమ్మ ఆ మనిషినే చూస్తూ ఇంకో నొప్పి పళ్ళ బిగువున ఓర్చుకుని, "ఇక పోనియ్యి" అంది. సాయంత్రానికి తమ్ముడు పుట్టాడు. వాడి ఏడుపుకు ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింద కూర్చున్న నాయనమ్మ కూడా లేచి నిలబడింది.

ఆ కారు తర్వాత ఇనుముకు పోయింది. మునసబు పోయాడు, అరుగు కొట్టేశారు, అమ్మా నాయనా నాయనమ్మా పోయారు. పోయినవాళ్ళ మీద పగేమిటని మా పిల్లలు అంటుంటారు. ఆదివారం గుళ్ళో అందరం కలిసి చెప్పే ప్రార్థనలో, మాకు కీడు చేసినవాళ్ళను మేం క్షమించామని దేవుడికి చెప్పుకునే చోటు ఒకటుంది. అక్కడికొచ్చేసరికి అమ్మ నోరు మూసుకునేది. అది దాటాక మళ్ళీ అందరితో గొంతు కలిపేది. పాస్టరుగారు ఒకసారి పక్కకు పిలిచి అడిగితే, "అయ్యగారూ, దేవుడి ముందు అబద్ధం చెప్పమంటారా?" అంది.  అమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. మొన్న ఆదివారం కూడా ఆ మాట దగ్గర నేను నోరు మూసుకునే ఉన్నాను.